ఓల్గా రాణి – అర్థమయ్యే మాట కోసం

రాణి అనగానే మనకు ఏం గుర్తుకొస్తుంది? ఒంటి నిండా నగలు. చుట్టూ దాసీలు. నోటి మాట చాలు, పని జరిగిపోతుంది. రాణికి కష్టం ఏముంటుంది అనుకుంటాం.

ఈ పాఠంలో ఒక రాణి కథ ఉంది. ఆమె పేరు ఓల్గా. పుట్టింది రష్యా దేశంలో. రాణి అయ్యింది గ్రీసు దేశంలో. సామాన్య జనం చదివి అర్థం చేసుకోవాలని ఆమె ఒక పుస్తకం అచ్చు వేయించింది. అందుకు ఆమెను దేశద్రోహి అన్నారు. ఆ ఏడాదే పుస్తకాల మీద పెద్ద గొడవ లేచింది. వీధుల్లో తుపాకులు పేలాయి. ఎనిమిది మంది చనిపోయారు.

పుస్తకం కోసం మనుషులు చనిపోవడమా? ఆ పుస్తకంలో ఏముంది? చదివి తెలుసుకుందాం.

బొమ్మలు తెచ్చుకున్న పెళ్లికూతురు

గ్రీసు దేశం ఐరోపా ఖండంలో దక్షిణం వైపు ఉంది. మూడు పక్కలా సముద్రం. కొండలు ఎక్కువ. దాని ముఖ్యపట్టణం ఏథెన్స్. రష్యా ఇంకా ఉత్తరాన ఉంది. చాలా పెద్ద దేశం. అక్కడ చలి ఎక్కువ. నెలల తరబడి మంచు కురుస్తుంది.

ఓల్గా 1851లో రష్యాలో పావ్లోవ్‌స్క్ అనే ఊళ్లో, రాజభవనంలో పుట్టింది. తరువాత రష్యా చక్రవర్తి అయిన ఆయనకు ఆమె తండ్రి తమ్ముడు.

అప్పుడు గ్రీసును జార్జి అనే యువకుడు ఏలుతున్నాడు. తమాషా ఏమిటంటే, ఆయనా గ్రీసు వాడు కాదు. డెన్మార్క్ దేశపు రాజకుమారుడు. అంతకు ముందున్న రాజును గ్రీకులు 1862లో దించేశారు. 1863లో ఈయనను తెచ్చి రాజును చేశారు. అప్పటికి ఆయనకు పదిహేడేళ్లు.

1867లో జార్జికి, ఓల్గాకు రష్యాలోనే పెళ్లి జరిగింది. అప్పటికి ఓల్గాకు పదహారేళ్లు. అత్తవారి దేశానికి బయలుదేరుతూ పెళ్లి సామానుతో పాటు తను ఆడుకునే బొమ్మలను కూడా వెంట తెచ్చుకుందని చెబుతారు.

ఆలోచించండి. రాజకుటుంబంలో పుట్టినా ఆడపిల్ల ఆడపిల్లే. బొమ్మలు వదలని వయసులో పెళ్లి. ఆపైన రాణి పదవి.

కొత్త దేశం, కొత్త భాష

ఏథెన్స్‌లో దిగేటప్పుడు ఓల్గా నీలం, తెలుపు రంగుల బట్టలు కట్టుకుంది. అవి గ్రీసు జెండా రంగులు. జనం చూసి మురిసిపోయారు. కానీ జనం మాట ఆమెకు అర్థం కాదు. ఆమె మాట జనానికి అర్థం కాదు. అత్తవారిల్లు కొత్త. ఎండ కొత్త. తిండి కొత్త. నోరు తెరిచి నాకు ఇది కావాలి అని అడగాలన్నా మాట రాదు.

పుట్టింటి మీద బెంగ ఆమెకు ఏనాటికీ పోలేదు. ఏథెన్స్ పక్కనే పిరేయస్ అనే రేవు ఉంది. ఆ రేవుకు రష్యా ఓడ వచ్చిందంటే చాలు, రాణి అక్కడికి వెళ్లేది. ఆ ఓడల నావికులతో మాట్లాడి వచ్చేది. పుట్టింటి వైపు నుంచి వచ్చిన మనిషి కనిపిస్తే ప్రాణం లేచిరావడం మనకు తెలియనిదా?

అయినా ఓల్గా బెంగతో కూర్చోలేదు. గ్రీకు భాష నేర్చుకుంది. మాట్లాడటం నేర్చుకుంది. చదవడం, రాయడం నేర్చుకుంది. రాజకీయాల్లో వేలు పెట్టలేదు. జనానికి పనికొచ్చే పనులు చూసుకుంది.

ఆమెకు ఎనిమిది మంది పిల్లలు పుట్టారు. ఒక ఆడపిల్ల ఏడు నెలలకే చనిపోయింది. మిగిలిన ఏడుగురు పెరిగి పెద్దవాళ్లయ్యారు.

రాణి చేసిన పనులు

ఆ రోజుల్లో ఏథెన్స్‌లో మంచి ఆసుపత్రులు తక్కువ. రోగులను చూసుకోవడానికి చదువుకున్న నర్సులు లేరు. ఓల్గా పూనుకుని ఎవాంగెలిస్మోస్ అనే పెద్ద ఆసుపత్రి కట్టించింది. అది 1884లో తెరిచారు. అక్కడ ఆడవాళ్లకు నర్సు పని నేర్పారు. ఆ ఆసుపత్రి నేటికీ ఉంది. ఏథెన్స్‌లోని పెద్ద ఆసుపత్రుల్లో అది ఒకటి.

పిరేయస్‌లో పేదలకు తిండి పెట్టే వంటశాల ఒకటి పెట్టించింది. అక్కడ పేద ఆడపిల్లలు వంట నేర్చుకునేవారు. తరువాత అక్కడే నేత పని కూడా నేర్పారు. తిండి పెడితే ఒక పూట గడుస్తుంది. పని నేర్పితే బతుకు గడుస్తుంది.

అప్పట్లో గ్రీసులో ఆడ ఖైదీలకు వేరే జైలు లేదు. పిల్లలకూ లేదు. ఆడవాళ్లకు వేరే జైలు ఉండాలని రాణి పట్టుబట్టి పెట్టించింది. ఒక ధనవంతుడి సాయంతో పిల్లలకూ వేరే చోటు ఏర్పాటు చేయించింది. నేరం చేసిన వాళ్ల గురించి మనకెందుకు అని ఆమె అనుకోలేదు.

కడుపుకోత

ఓల్గా పెద్ద కూతురు పేరు అలెగ్జాండ్రా. ఆ పిల్లను రష్యా రాజకుటుంబంలోనే ఇచ్చారు. పెళ్లి 1889లో జరిగింది. రెండేళ్లు తిరిగాయి. 1891లో రెండో కాన్పు వచ్చింది. నెలలు నిండకుండానే కాన్పు అయ్యింది. మగబిడ్డ బతికాడు. తల్లి కొద్ది రోజులకే కన్ను మూసింది. అప్పటికి ఆమెకు ఇరవై ఒక్క ఏళ్లు.

రాజభవనం ఉంది. వైద్యులు ఉన్నారు. డబ్బు ఉంది. అయినా కాన్పులో ప్రాణం పోయింది. ఆ రోజుల్లో కాన్పు అంటే చావు గడప దాకా వెళ్లి రావడమే. రాణి కూతురైనా, కూలి కూతురైనా ఒకటే.

కూతురి గుర్తుగా ఓల్గా పిరేయస్‌లో మరో ఆసుపత్రి కట్టించింది.

ఆసుపత్రిలో తెలిసిన సంగతి

1897లో గ్రీసుకూ, టర్కీకీ యుద్ధం వచ్చింది. నెల రోజుల్లో ముగిసింది. గ్రీసు ఓడిపోయింది. గాయపడిన సైనికులతో ఆసుపత్రులు నిండాయి. రాణి ఆసుపత్రులకు వెళ్లి వాళ్లను పలకరించేది.

ఆ సైనికులు క్రైస్తవులు. వాళ్ల మత గ్రంథం బైబిలు. బైబిలులో ఏసుక్రీస్తు జీవితం, బోధలు ఉన్న భాగాలను సువార్తలు అంటారు. మంచం మీద ఉన్న మనిషికి ఆ మాటలు ధైర్యం ఇస్తాయని రాణి నమ్మకం.

కానీ ఒక సంగతి ఆమెకు తెలిసి వచ్చింది. ఆ సైనికుల్లో చాలామందికి సువార్త అర్థం కావడం లేదు. చిన్నప్పటి నుంచి చర్చిలో వింటున్నారు. చెవికి తెలుసు. మనసుకు తెలియదు.

సువార్తలు మొదట రాసింది గ్రీకు భాషలోనే కదా? వాళ్లూ గ్రీకులే కదా? మరి ఎందుకు అర్థం కాలేదు?

ఒక దేశం, మూడు రకాల భాష

సువార్తలు రాసింది దాదాపు రెండు వేల ఏళ్ల కిందట. అప్పటి గ్రీకు వేరు. ఇన్నేళ్లలో జనం మాట మారిపోయింది. చర్చిలో మాత్రం ఆ పాత గ్రీకులోనే చదివేవారు. దీన్ని మనం చర్చి భాష అనుకుందాం.

చదువుకున్న పెద్దలు మరో రకం గ్రీకు తయారు చేసుకున్నారు. పాత మాటలు వెతికి తెచ్చారు. టర్కీ నుంచి, ఇతర దేశాల నుంచి వచ్చి కలిసిన మాటలు తీసేశారు. చట్టాలు, ఉత్తర్వులు, బడి పుస్తకాలు ఆ భాషలోనే ఉండేవి. దీన్ని కచేరి భాష అనుకుందాం.

మూడోది ఇంటి భాష. తల్లి బిడ్డను లాలించే భాష. సంతలో బేరం చేసే భాష. రైతు, నావికుడు, సైనికుడు మాట్లాడే భాష. అది పుస్తకాల్లోకి రావడానికి పెద్దలు ఒప్పుకునేవారు కాదు. అది మోటు భాష, పుస్తకానికి పనికిరాదు అనేవారు.

దీనివల్ల ఏమయ్యింది? బడికి నాలుగేళ్లు వెళ్లిన వాడికి కూడా కాగితం సరిగా అర్థం అయ్యేది కాదు. ఆడవాళ్ల సంగతి చెప్పనక్కర లేదు. వాళ్లలో చాలామందికి అక్షరాలే రావు. పుస్తకం కొద్దిమంది చేతిలో ఉండిపోయింది.

ఓల్గా గ్రీకు పుట్టుకతో వచ్చిన మనిషి కాదు. పరాయి భాషను ఒక్కొక్క మాటగా కూడబలుక్కుని నేర్చుకున్న మనిషి. ఎదుటి వాళ్ల మాట అర్థం కాకపోతే ఎలా ఉంటుందో ఆమె పదహారో ఏటే అనుభవించింది.

ఒక్క ద్రాక్మా పుస్తకం

సువార్తలను తేలిక మాటల్లోకి మార్పించాలని రాణి నిర్ణయించుకుంది. ఆ పని తన దగ్గర పనిచేసే యూలియా సోమాకి అనే ఆమెకు అప్పగించింది. చూశారా? చేయించింది ఆడమనిషి. చేసింది కూడా ఆడమనిషే.

గ్రీసు చర్చికి మత పెద్దల సభ ఒకటి ఉండేది. రాణి ఆ సభను అనుమతి అడిగింది. సభ ఒప్పుకోలేదు. పాత మాటల్లోనే పవిత్రత ఉందని, వాటిని మార్చకూడదని వాళ్ల వాదన.

రాణి ఆగలేదు. 1901 మొదట్లో పుస్తకం అచ్చయ్యింది. పాత మాట, కొత్త మాట రెండూ పుస్తకంలో ఉంచారు. ఎవరికైనా అనుమానం వస్తే పోల్చి చూసుకోవచ్చు. ఇది ఇంట్లో చదువుకోవడానికి మాత్రమే అని పుస్తకం మీదే అచ్చు వేశారు. చర్చిలో పాత పద్ధతే ఉంటుంది, ఇంట్లో అర్థం చేసుకుని చదువుకోండి అని దాని భావం.

వెల ఒక్క ద్రాక్మా. ద్రాక్మా అంటే మన రూపాయి లాంటి అప్పటి గ్రీసు నాణెం. అచ్చు ఖర్చు అంతకంటే చాలా ఎక్కువ. పేదలు కూడా కొనాలని తక్కువ వెల పెట్టారు. పుస్తకం బాగానే అమ్ముడుపోయింది.

ఏథెన్స్ వీధుల్లో గొడవ

అదే ఏడాది మరొకటి జరిగింది. అలెగ్జాండ్రోస్ పాలిస్ అనే గ్రీకు వ్యాపారి ఉండేవాడు. ఆయన పని మీద కొన్నేళ్లు మన బొంబాయిలో కూడా ఉన్నాడు. ఇంటి భాషే పుస్తకాల్లో రావాలని గట్టిగా వాదించేవాడు. ఆయన సువార్తను పూర్తిగా ఇంటి భాషలోకి మార్చాడు. 1901 సెప్టెంబరు నుంచి ఒక దినపత్రిక దాన్ని రోజూ కొంచెం కొంచెం అచ్చు వేసింది.

దాంతో నిప్పు రాజుకుంది. దేవుడి మాటను సంత మాటగా మార్చారని కొన్ని పత్రికలు రాశాయి. రాణి పుస్తకాన్నీ, పాలిస్ రాతనూ కలిపి తిట్టాయి. విశ్వవిద్యాలయ విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. ఈ రాతలు రాసిన వాళ్లను మతం నుంచి వెలివేయాలని పట్టుబట్టారు.

నవంబరులో వేల మంది ఏథెన్స్‌లో గుమిగూడారు. సైనికులకూ, జనానికీ కొట్లాట జరిగింది. తుపాకులు పేలాయి. ఎనిమిది మంది చనిపోయారు. ఎంతోమంది గాయపడ్డారు. ఏథెన్స్ మత పెద్ద పదవి వదులుకున్నాడు. ప్రధానమంత్రి దిగిపోయాడు. ప్రభుత్వం పడిపోయింది.

మిగిలిన రాణి పుస్తకాలను స్వాధీనం చేసుకున్నారు. వాటిని అమ్మకూడదు, చదవకూడదు అన్నారు. 1911లో గ్రీసు రాజ్యాంగంలోనే ఒక నియమం పెట్టారు. చర్చి అనుమతి లేకుండా మత గ్రంథాన్ని వేరే భాషా రూపంలోకి మార్చకూడదు అని.

వాళ్లు ఎందుకు కాదన్నారు?

కాదన్న వాళ్లందరూ చెడ్డవాళ్లు అనుకోవద్దు. వాళ్ల మాట కూడా విందాం.

గ్రీకులు నాలుగు వందల ఏళ్లు టర్కీ ఏలుబడిలో ఉన్నారు. ఆ కాలమంతా వాళ్లను ఒక్కటిగా పట్టి ఉంచింది చర్చి, ఆ పాత భాష. అది పోతే మనం ఎవరిమి అని వాళ్ల భయం. 1901 నాటికి కూడా ఎంతోమంది గ్రీకులు టర్కీ ఏలుబడిలోనే ఉన్నారు. అందరికీ ఉమ్మడిగా ఉన్న భాషను చీల్చవద్దని కొందరు అన్నారు.

రెండో అనుమానం రాణి మీద. ఆ రోజుల్లో గ్రీకులకు ఇరుగుపొరుగు జాతులతో భూముల తగాదా ఉండేది. ఆ జాతులకు రష్యా అండ ఉందని గ్రీకుల అనుమానం. రాణి రష్యా ఆడపడుచు. కాబట్టి ఇది రష్యా పన్నిన కుట్ర అన్నారు.

ముప్పై నాలుగేళ్లు ఆ దేశంలో ఉంది. పిల్లలను కని పెంచింది. ఆసుపత్రులు కట్టించింది. అయినా కోపం వచ్చేసరికి ఆమె పరాయిదే అయ్యింది. పుట్టింటి ఓడను చూసి రావడం కూడా తప్పుగానే కనిపించింది. ఎంత చేసినా బయటి నుంచి వచ్చిన పిల్ల అనే మాట కోడళ్లకు కొత్త కాదు.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. పుస్తకం ఎవరి కోసమో వాళ్లను ఎవరూ అడగలేదు. రాణి వర్గం, మత పెద్దల వర్గం, పత్రికల వర్గం వాదించుకున్నాయి. ఆసుపత్రి మంచం మీది సైనికుడికి ఏది కావాలో ఎవరూ విచారించలేదు.

చివరి రోజులు

1913 మార్చిలో జార్జి రాజు థెస్సలొనీకి అనే నగరంలో నడిచి వెళుతుండగా ఒకడు తుపాకితో కాల్చి చంపాడు. ఓల్గాకు అరవై రెండో ఏడు నడుస్తోంది. తరువాత ఆమె పుట్టింటికి, రష్యాకు వెళ్లింది. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. పావ్లోవ్‌స్క్‌లో గాయపడిన సైనికులకు ఆసుపత్రి నడిపింది.

1917లో రష్యాలో విప్లవం వచ్చింది. రాజుల పాలన కూలిపోయింది. రాజకుటుంబం వాళ్లను చాలామందిని చంపేశారు. ఓల్గా తమ్ముడు ఒకరు, ఇద్దరు అల్లుళ్లు, తమ్ముడి కొడుకులు ముగ్గురు అలా పోయారు. డెన్మార్క్ వాళ్లు కలగజేసుకోవడంతో 1919లో ఓల్గా ప్రాణాలతో బయటపడింది.

1920లో గ్రీసు రాజుగా ఉన్న ఆమె మనుమడు కోతి కరిచి, ఆ పుండు విషమించి చనిపోయాడు. అప్పుడు దేశాన్ని చూసుకోమని ఓల్గాను పిలిచారు. దాదాపు నెల రోజులు రాజు స్థానంలో ఆమే ఉంది. పరాయిది అన్న నోళ్లున్న దేశమే ఆమెను పిలిచి కూర్చోబెట్టింది. తరువాత ఆమె పెద్ద కొడుకు తిరిగి వచ్చి రాజయ్యాడు. రెండేళ్లు తిరగకుండానే ఆయన పదవి పోయింది. కుటుంబం మళ్లీ చెల్లాచెదురైంది.

ఓల్గా 1926లో పరాయి దేశంలో చనిపోయింది. పదేళ్ల తరువాత ఆమె శవపేటికను గ్రీసుకు తెచ్చి ఏథెన్స్ దగ్గర పాతిపెట్టారు. ఇంగ్లండు రాజు మూడో ఛార్లెస్ ఆమెకు మునిమనుమడు.

తరువాత ఏం జరిగింది?

1974లో గ్రీసు ప్రజలు ఓట్లు వేసి రాజులు వద్దన్నారు. ఇప్పుడు అక్కడ రాజు లేడు, రాణి లేదు.

1976లో మరో పెద్ద మార్పు వచ్చింది. బడుల్లో చదువు, ప్రభుత్వ కాగితాలు ఇంటి భాషలోనే ఉండాలని నిర్ణయించారు. మోటు భాష అన్నదే దేశ భాష అయ్యింది. రాణి పుస్తకం వచ్చిన డెబ్బై అయిదేళ్లకు అది జరిగింది. రాణి ఒక్కతే చేసిన పని కాదు. ఎంతోమంది రచయితలు, ఉపాధ్యాయులు, మామూలు జనం కలిసి సాధించారు.

అక్షరం రావడం ఒక మెట్టు. చదివింది అర్థం కావడం రెండో మెట్టు. రెండో మెట్టు ఎక్కనీయకపోతే మొదటి మెట్టు ఎక్కినా ఫలం తక్కువ. కాగితం మీది మాట మనకు అర్థం కానంత కాలం, దాన్ని చదివి చెప్పేవాడిదే పెత్తనం.

అర్థం కాకపోతే అది మన తెలివి తక్కువతనం అనుకుంటాం. సిగ్గుపడి ఊరుకుంటాం. గ్రీసు సైనికుడిదీ అదే పరిస్థితి. తప్పు అతనిది కాదు. అతనికి తెలియని మాటల్లో రాసిన కాగితానిది. కాబట్టి ఏ కాగితమైనా అర్థం కాకపోతే అడగండి. మన మాటల్లో చెప్పమని అడగండి. అర్థమయ్యాకే వేలిముద్రయినా, సంతకమైనా.

కొత్త మాటలు

కచేరి – ప్రభుత్వ కార్యాలయం
రేవు – ఓడలు ఆగే చోటు
స్వాధీనం చేసుకోవడం – ప్రభుత్వం తీసేసుకోవడం
వెలివేయడం – మతం నుంచి, కులం నుంచి బయట పెట్టడం
రాజ్యాంగం – దేశాన్ని ఎలా నడపాలో చెప్పే పెద్ద చట్టం
విప్లవం – పాలన మొత్తం తలకిందులయ్యే తిరుగుబాటు

జవాబు చెప్పండి

1. ఓల్గా పెళ్లి ఏ సంవత్సరంలో జరిగింది? అప్పుడు ఆమె వయసు ఎంత?
2. గాయపడిన సైనికులకు సువార్త ఎందుకు అర్థం కాలేదు?
3. పుస్తకానికి ఒక్క ద్రాక్మా వెల ఎందుకు పెట్టారు?
4. పుస్తకాన్ని కాదన్న వాళ్ల భయం ఏమిటి?

కలిసి మాట్లాడుకోండి

1. మీ చేతికి వచ్చిన ఏ కాగితం మీకు అర్థం కాలేదు? అప్పుడు మీరు ఏం చేశారు?
2. అత్తవారి ఊరికి వచ్చిన కొత్తలో మీకు తెలియని మాటలు ఏవి? ఎలా నేర్చుకున్నారు?
3. రాణి అనుమతి లేకుండా పుస్తకం వేయించడం సరైనదేనా? సరైనది అనే వాళ్లు ఒక వైపు, కాదనే వాళ్లు ఒక వైపు కూర్చుని మాట్లాడండి.

రాయండి

మీ ఇంట్లో వాడే మాటల్లోనే, మీ గురించి అయిదు వాక్యాలు రాయండి. రాసింది పక్కవాళ్లకు చదివి వినిపించండి.